మణికట్టుకూ మోకాలికీ ముడి

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడితే నవ్వుతాం. మణికట్టుకూ మోకాలికీ మాత్రం ఎముకల డాక్టర్లు నిజంగానే ముడిపెట్టారు. మోకాలి కింద, కాలి బయటివైపు తడిమి చూడండి. చిన్న బుడిపె వేళ్లకు తగులుతుంది. ఫిబులా అనే సన్నపాటి ఎముక తల అది. ముంజేతిలోని రేడియస్ ఎముక మణికట్టు వైపు కొసను గడ్డ తినేస్తే, ఆ ఖాళీలోకి తరచూ వచ్చేది ఇదే.

ఆ గడ్డల్లో ముఖ్యమైనది జెయింట్ సెల్ ట్యూమర్. ఎక్కువగా 20-40 ఏళ్లవాళ్లకు వస్తుంది. మామూలుగా క్యాన్సర్ కాదు గానీ ఎముకను లోపల్నుంచి తొలిచేస్తుంది. పైపెంకు గట్టిగా ఉంటే గోకి తీసి ఎముకల సిమెంటు నింపుతారు. పెంకు పగిలి బయటికి బాగా పాకితే కొస మొత్తం కోసేయాల్సి రావచ్చు. మణికట్టు మీద పడే బరువులో దాదాపు 80 శాతం మోసేది ఆ కొసే మరి!

ఫిబులాను తీయడమే పెద్ద పని. దాని మెడను చుట్టుకుని ఒక నరం పోతుంది. ముందు దాన్ని వెతికి పట్టుకుని కాపాడాలి. దెబ్బ తగిలిందా, పాదం పైకి లేవదు. ఆ తలను అంటుకున్న మోకాలి లిగమెంటును కాలి పెద్దెముకకు మళ్లీ కుట్టాలి. పైన కోసిన ముక్క ఎంతో, కింద తీసే ముక్కా అంతే. పొడవైతే మణికట్టు బిగుసుకుంటుంది, పొట్టిదైతే ముంజేతిలో పక్కనున్న అల్నా ఎముక పొడుచుకొస్తుంది.

ప్లేటు వేసి స్క్రూలు బిగించడం వాళ్లకు రోజూ ఉండేదే. నాకు ముచ్చటేసేది కీలు దగ్గర కుట్టుపని. రేడియస్ కొసన మణికట్టులోని రెండు చిన్నెముకలకు రెండు పల్లాలుంటాయి. ఫిబులా తల మీద ఉన్నది ఒకే నున్నటి తావు, అదీ ఏటవాలుగా. ఊరికే ఆనిస్తే చెయ్యి అరచేతి వైపు జారిపోతుంది. అందుకని కొందరు సర్జన్లు ఫిబులాతోపాటు దాన్ని పట్టుకున్న తొడకండరపు టెండన్‌లోంచి ఒక పేలిక కూడా తెచ్చి, దాంతో మణికట్టు పొరను బిగించి కుడతారు. మోకాలి సరంజామాతో మణికట్టుకు కొత్త కట్టు!

రక్తనాళాలు లేకుండా తెచ్చిన ఎముకలోకి ఒళ్లు నెమ్మదిగా పాకి, పాతదాన్ని అరగదీస్తూ కొత్తది వేసుకుంటుంది. 1975లో మెల్‌బోర్న్ సర్జన్ ఇయాన్ టేలర్ బృందం ఫిబులాను నాళాలతో సహా తరలించి అతికించిన తీరును ప్రకటించింది. అప్పటినుంచి ఎముకను బతికుండగానే తెచ్చే దారి తెరుచుకుంది.

ఏళ్లు గడిచాక ఈ కీలు అరగొచ్చు, జారొచ్చు. బరువులెత్తి బతికేవాళ్లకు మణికట్టును ఒకే ముద్దగా అతికించడమే మేలని వాదించే సర్జన్లూ ఉన్నారు, నాకూ సబబనే అనిపిస్తుంది. అతికించినా ముంజేయి తిరగడం చాలావరకు మిగులుతుంది, అరచేయి చాపి ప్రసాదం పుచ్చుకోవచ్చు. నమస్కారం దగ్గరే తేడా తెలుస్తుంది. మణికట్టు వెనక్కి వంగదు గనక, ఆ వైపు మోచేయి కిందికి దిగుతుంది.