పాత పట్టుచీర, కొత్త దీపాలు

నాట్యదుస్తులకూ దీపాలకూ స్నేహం కొత్తది కాదు. 1892లో పారిస్‌లో లోయీ ఫుల్లర్ గజాలకొద్దీ పట్టును గాలిలో తిప్పుతూ, దానిమీద రంగురంగుల వెలుగు పడేలా ఆడి జనాన్ని ఊపేసింది. ఇప్పుడు ఆ వెలుగు బట్టలోకే వచ్చింది. 2007లో వచ్చిన లిలీప్యాడ్ అనే చిన్న సర్క్యూట్ బోర్డును, కరెంటు పారే దారంతో గుండీ కుట్టినట్టు కుట్టేయవచ్చు. దానికి పాత బట్టలను మళ్ళీ వాడే మోజు తోడయింది. ఇక్కడ ఇంగ్లండులో మన పిల్లల నాట్యంలోనూ ఈ రెండూ కలిసిన దుస్తులు చూశాను కనుక ఈ నాలుగు మాటలు.

దీపాల మీద నాకు కోపం లేదు. అవి ఎవరి మాట వింటున్నాయన్నదే నా ప్రశ్న. నేను చూసిన కూచిపూడి అంశంలో, అమ్మమ్మ ధర్మవరం చీరతో కుట్టిన దుస్తుల అంచు వెంట దీపాలు తమ లెక్క ప్రకారం వెలిగి ఆరాయి. అమ్మాయి జతి వేసినా ఒకటే, నిలబడినా ఒకటే. చేయి వెళ్ళిన చోటికి చూపు వెళ్ళాలంటుంది అభినయదర్పణం. ఆ రోజు హాల్లో అందరి చూపూ అంచు మీదే! ఆ పిల్ల కళ్ళతో చేసిన అభినయం ఎవరి కంటా పడలేదు. చీరేమో ముక్కలైపోయింది.

అడుగుకు జవాబిచ్చే వస్తువులు మనకు కొత్తా? గజ్జెల సంగతి సరే, సింహనందిని చూడండి. నేల మీద రంగుపొడి పరిచి పైన గుడ్డ కప్పుతారు. తాళం తప్పకుండా వేసే అడుగుల కింద సింహం బొమ్మ తయారవుతుంది. సి.ఆర్. ఆచార్యులు గారు దాన్ని మళ్ళీ వేదిక మీదకు తెచ్చారు. కాలి ఒత్తిడిని పట్టే సెన్సరు చేసేదీ ఇలాంటి పనే. కాకపోతే సింహనందినిలో అడుగు తప్పితే బొమ్మ చెడుతుంది. దీపాలు పెట్టేవాళ్ళు ఆ ప్రమాదానికీ సిద్ధపడాలి (ఫోటోలు బాగా రాకపోవచ్చు).

లండన్‌లో పుట్టిన అక్రమ్ ఖాన్ 2018లో చేసిన ‘జెనోస్’ మొదటి ప్రపంచ యుద్ధంలోని భారతీయ సైనికుడి కథ. కథక్ నర్తకుడి గజ్జెలు విప్పితే అవే సంకెళ్ళవుతాయి. అందుకు తీగా బ్యాటరీ అక్కర్లేదు. అవి గజ్జెలని మనం మరచిపోకపోవడం వల్లే సంకెల బరువు తెలుస్తుంది. చీర కూడా చీరగా గుర్తుండాలి.

అందుకు జరీయే దారి చూపిస్తుంది. 1997లో ఎం.ఐ.టి.లో రెమీ పోస్ట్, మ్యాగీ ఓర్త్ పట్టుదారానికి రాగిరేకు చుట్టి నేసిన ఆర్గాంజాతో సర్క్యూట్లు చేశారు. అది మన జరీకి దగ్గరి చుట్టమే. అసలు వెండి జరీలో కరెంటు పారుతుంది. ప్లాస్టిక్ జరీని నమ్ముకోలేం. అరమండిలో కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి, లేచి నిలబడితే మూసుకుంటాయి. మూసుకున్నప్పుడు రెండు జరీ అంచులు తాకితే అదే స్విచ్చు. వెలగాల్సింది దీపమే కానక్కర్లేదు, అమ్మమ్మ గొంతులో ఒక్క పిలుపు వినిపించవచ్చు. చెమటకు అది వేళకాని వేళ మోగుతుంది. పాత పట్టు మడతల దగ్గర చీలుతుంది. అందుకని ముందు ఏదో ఒక పాత బట్ట మీద కుట్టి, నెల రోజులు అడవులు ఆడించి చూడాలి. ఆ తర్వాతే చీరకు కత్తెర, అదీ జరీ అంచు తెగకుండా.