నాయిన ముందే మాట్లాడుదాం

చిన్నకోడూరు చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్ల కళ్లు పచ్చబడితే మొదట వినిపించే మాట పసిరికలు. నేల ఉసిరి నూరి తాగిస్తారు, పసరు పోసేవాళ్ల దగ్గరికి తీసుకుపోతారు, నూనె, కారం బంద్ పెడతారు. చాలా రకాల కామెర్లు వాటంతట అవే తగ్గిపోతాయి కాబట్టి పసరు మీద నమ్మకం నిలబడింది. కానీ వయసు మీదపడిన మనిషికి నొప్పేమీ లేకుండా కామెర్లు వచ్చి, ఒళ్లంతా దురద పుట్టి, మూత్రం ముదురు రంగులో, మలం తెల్లగా పాలిపోయి వస్తుంటే పిత్తనాళం మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. అడ్డుపడింది రాయి కావచ్చు, గడ్డ కావచ్చు. గడ్డే అయితే పసరు తాగుతూ గడిపిన వారాలు మళ్లీ తిరిగిరావు.

పిత్తనాళం క్యాన్సర్ అని తేలాక ఆ ఇంట్లో మొదలయ్యే ఆలోచన గురించి ఈ వారం రాస్తున్నాను. అమ్మకో నాయినకో ఏ వైద్యం చేయించాలో తేల్చుకోవడం కూడా ఒక విద్యే. అది మనకు ఎవరూ నేర్పరు. పెండ్లి సంబంధానికి పది మందిని అడిగే మనం ఈ నిర్ణయాన్ని మాత్రం ఆసుపత్రి వరండాలో నిలబడి, భయంతో, పది నిమిషాల్లో తీసేసుకుంటాం.

ముందు జబ్బు సంగతి. పొలాల్లోని పిల్లకాలువలు పెద్దకాలువలో కలిసినట్టు, కాలేయంలోని సన్నని నాళాలు ఒకచోట కలిసి పేగు వైపు సాగుతాయి. గడ్డ కాలేయం లోపల పుట్టవచ్చు, నాళాలు కలిసేచోట పుట్టవచ్చు, పేగు దగ్గరి చివరలో పుట్టవచ్చు. మూడింటికీ వైద్యం ఒకటి కాదు. పూర్తిగా నయం కావాలంటే గడ్డను కోసి తీయడమే ప్రధానమైన దారి. కానీ చాలామందిలో జబ్బు బయటపడే సరికే అది ఆపరేషన్‌కు అందనంత దూరం పోయి ఉంటుంది. అప్పుడు స్టెంట్ అనే సన్నని గొట్టం వేసి పిత్తరసానికి దారి చేస్తారు, కామెర్లు తగ్గాక కీమో మొదలుపెడతారు. ఈ దశలోనే ఎవరో ఒకరు అంటారు, ‘గడ్డకే గురిపెట్టి కరెంటు పెడతరంట, అడగండి’ అని.

ఆ మాటలో నిజముంది, కరెంటు అంటే ఇక్కడ రేడియేషన్. గురిపెట్టే రేడియేషన్లో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఎస్‌బీఆర్‌టీలో బయటి నుంచి అనేక కోణాల్లో కిరణాలను గడ్డ మీదికి పంపుతారు. సాధారణంగా మూడు నుంచి ఐదు సిట్టింగులు. ఊపిరి తీసినప్పుడల్లా కాలేయం కిందికీ పైకీ కదులుతుంది కాబట్టి ముందే స్కాన్ తీసి ఆ కదలికను కూడా లెక్కలోకి తీసుకుంటారు. జీర్ణాశయం, చిన్నపేగు ఆ పక్కనే ఉంటాయి. వాటికి కిరణం ఎక్కువగా తగిలితే పుండ్లు పడవచ్చు, రక్తం పోవచ్చు. రెండో పద్ధతి ఇట్రియం-90. కాలేయానికి ఎక్కువ రక్తం పోర్టల్ సిర నుంచి అందుతుంది, గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీద బతుకుతుంది. అందుకే గజ్జల్లోనో మణికట్టు దగ్గరో రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, కంటికి కనిపించని రేడియోధార్మిక పూసలను ఆ ధమనిలోకి వదులుతారు. వాటి శక్తి సుమారు 64 గంటలకోసారి సగానికి తగ్గుతుంది. కిరణాలు కొన్ని మిల్లీమీటర్ల దూరమే పోతాయి. ఇది కాలేయం లోపలి గడ్డలకు చేసే వైద్యం. రక్తంలో కామెర్లకు కారణమయ్యే బిలిరుబిన్ బాగా ఎక్కువగా ఉన్నవారికి, పొట్టలో నీరు చేరినవారికి సాధారణంగా చేయరు. పూసలు ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయేమో ముందే పరీక్ష చేసి చూస్తారు.

మరి దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందా? 2010లో బ్రిటన్ వైద్యులు ముదిరిన పిత్తనాళ, పిత్తాశయ క్యాన్సర్లున్న 410 మందిపై జరిపిన పరిశోధనను ప్రచురించారు. జెమ్‌సైటబిన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది 8.1 నెలలు దాటి బతికారు, సిస్‌ప్లాటిన్ కూడా కలిపినవారిలో సగం మంది 11.7 నెలలు దాటి బతికారు. ఆ తర్వాత ఇమ్యునోథెరపీ కూడా తోడైంది. గురిపెట్టిన రేడియేషన్ ఎంపిక చేసిన రోగుల్లో గడ్డను అదుపులో పెట్టినట్టు చిన్న అధ్యయనాలు చూపాయి. కీమోకు దాన్ని జోడిస్తే తప్పకుండా ఎక్కువకాలం బతుకుతారని మాత్రం పెద్ద పరిశోధనలు ఇంకా తేల్చలేదు. రేడియేషన్ కొందరికి నిజంగా మేలు చేస్తుంది. ఆ కొందరిలో మీ నాయిన ఉన్నాడా అన్నదే అసలు సంగతి.

దాన్ని తేల్చేది సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డు. 1955లో మొదలైన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, బసవతారకం మనకు హైదరాబాద్‌లో ఉన్నాయి. మన దగ్గర్నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఎకరం అమ్మకానికి పెట్టకముందే రెండో అభిప్రాయం తీసుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. మీకు చెప్పిన పద్ధతి అందులో వస్తుందో రాదో ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

డాక్టరును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ రేడియేషన్ నయం చేయడానికా, గడ్డను ఆపడానికా, బాధ తగ్గించడానికా? చేయించకపోతే ఏమవుతుంది? దీనికోసం కీమో ఎన్ని రోజులు ఆపాలి? జబ్బు కాలేయం దాటిందా? ఈ జవాబులు కాగితం మీద రాసుకోండి.

నేను చూసిన ఇళ్లలో ఫైలు పెద్దకొడుకు చేతిలో ఉంటుంది, దుబాయి నుంచి చిన్నకొడుకు ఫోన్లో ఉంటాడు, నాయిన మాత్రం బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు. ఆయనకు ‘కడుపుల చిన్న గడ్డ’ అని మాత్రమే చెప్పి ఉంటారు. ‘ఏం చేయించలేదని నలుగురూ అంటరు’ అన్న భయమే చాలాసార్లు నిర్ణయం చేస్తుంది. ఇది తప్పని గట్టిగా నమ్ముతున్నాను. వైద్యం భరించేది ఆయన ఒళ్లు. ఆయనను లోపల కూర్చోబెడితే మనకు తట్టని ప్రశ్నలు వస్తాయి. అన్నం సయిస్తదా, రాత్రికి ఇంటికి పోవచ్చా, మనవరాలి పెండ్లి నాటికి లేచి తిరుగుతనా? పెద్దమనిషి మనసులో ఏముందో ఆ ప్రశ్నల్లోనే తెలుస్తుంది. వద్దు అనే హక్కు కూడా ఆయనదే. వద్దన్న తర్వాత కూడా వైద్యం ఉంటుంది. నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ ఎంఎన్‌జేలో ఉంది, జిల్లాల్లో ‘ఆలన’ పేరుతో ప్రభుత్వ సేవలున్నాయి. చివరి వారం దాకా ఆగకుండా మొదటి నుంచే వాళ్ల సాయం తీసుకోవచ్చు.

చివరగా ఒక జాగ్రత్త. స్టెంట్ ఉన్న మనిషికి చలిజ్వరం వస్తే గోలీ వేసి తెల్లవారేదాకా చూడకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోండి. ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు నాయినకో అమ్మకో లోపల కుర్చీ వేయమని అడగండి. జబ్బు పేరు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పమనండి. వాళ్లు మాట్లాడాకే మీరు నిర్ణయం తీసుకోండి.