బొల్లారం రాష్ట్రపతి నిలయం: ఒక పరిశీలన

ప్రకృతితో పొందిక గల ఇల్లనగానే తోటలోని అందమైన ఇల్లని చాలమంది తలుస్తారు. ఈ భావనను పరీక్షించడానికి సికింద్రాబాదు బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం తగిన ఉదాహరణ. 1860లో కట్టిన ఈ భవనం బ్రిటిషు రెసిడెంటుకు ఊరి వెలుపలి విడిదిగా ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రాష్ట్రపతి విడిది అయినది. 2023 నుండి ప్రజలు ఏడాది పొడవునా దీనిని చూడవచ్చును.

ఆవరణ 90 ఎకరాలు, ఇల్లు ఒకే అంతస్తు, గదులు 11. ఇందులో మెచ్చదగినవి రెండు. మొదటిది చెట్లు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావలెను. బాష్పోత్సేకంలో ఆకులు ఆ ఉష్ణాన్ని గ్రహించి చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. రెండవది వంటశాల. అది విడిగా ఉన్నది. భోజనశాలకు సొరంగమార్గం కలదు. అందువల్ల పొయ్యి వేడి, పొగ ఇంటిలో చేరవు. అయితే ఈ సుఖంలోని శ్రమ వంటకాలు మోసిన పనివారిది.

లోపమూ ఉన్నది. ఈ ప్రదేశం సుమారు 17½ డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. మే 10 ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు గోడలకంటె కప్పుకే ఎండ ఎక్కువ. ఒకే అంతస్తు ఇంటిలో ప్రతి గదీ ఆ కప్పు క్రిందనే ఉండును.

కావున మనం అనుకరించవలసినది ఈ భవనపు వైశాల్యాన్ని కాదు, ఇందలి సూత్రాన్ని. పడమట వేపచెట్టు, కప్పుపై తెల్లసున్నం, ఎదురెదురు కిటికీలు రెండు గదుల ఇంటికీ సాధ్యమే. మిట్టమధ్యాహ్నం బడి కప్పు క్రింద, చెట్టు క్రింద విద్యార్థులు ఉష్ణమాపకంతో కొలిచి చూచినచో ఈ విమర్శలోని నిజానిజాలు వారికే తెలియగలవు.