మెడ మీద రెండో కాడి

నిజం చెప్పొద్దూ, 'మాలపల్లి' నవలను మొదటిసారి నేను సగంలోనే మూసేశాను. కాలేజీ రోజులు. కథ మంచి పట్టులో ఉండగా ఎవరో ఒకరు ఉపన్యాసం అందుకునేవారు. అప్పట్లో నాకు గుర్తుండిపోయింది ఊరి పేరొక్కటే, మంగళాపురం. మా మంగళగిరేనేమో అని మురిసిపోయాను కూడా!

ఈమధ్య దాన్ని మళ్ళీ తీయించింది ఓ బల్గేరియా నవల. ఇవాన్ వాజోవ్ రాసిన 'కాడి కింద'. ఇంగ్లీషులో దొరికితే చదివాను. దాదాపు అయిదు వందల ఏళ్ళు తురుష్క సుల్తానుల ఏలుబడిలో మగ్గిన జనం 1876లో తిరగబడతారు. చెర్రీ చెట్టు మొద్దు తొలిచి ఫిరంగి చేసుకుంటారు పాపం! ఆ తిరుగుబాటు నెత్తుట మునిగింది. రష్యా, టర్కీల యుద్ధం ముగిశాక 1878లో స్వపరిపాలన, 1908లో పూర్తి స్వాతంత్ర్యం వచ్చాయి. వాజోవ్ ఆ నవల రాసింది ఒడెస్సాలో, ప్రవాసంలో. మన ఉన్నవ లక్ష్మీనారాయణగారు మాలపల్లి రాసింది 1922లో, రాయవెల్లూరు జైల్లో. ఇద్దరూ ఊరికి దూరమై ఊరిని తలుచుకున్నవాళ్ళే.

కానీ వాజోవ్ కథలో కాడి మోపినవాడు ప్రధానంగా పరాయివాడు. వాడు పోతే ఊరు తేలికపడుతుందనిపిస్తుంది. మాలపల్లిలో అలా కాదు. సంగదాసు ప్రాణం తీసింది తెల్లదొర కాదు, సొంత ఊరి భూస్వామి చౌదరయ్య. అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై కొల్లగొట్టి పేదలకు పంచిందీ మన ధనవంతుల సొమ్మే.

అవి ఎలాంటి రోజులు! చీరాల పేరాల, పెదనందిపాడు, పల్నాటి అడవులు, గుంటూరు జిల్లా అంతా ఉడుకుతోంది. పాపమంతా తెల్లవాడి నెత్తిన రుద్దితే చప్పట్లు మోగేవి. ఉన్నవవారు ఆ పని చెయ్యలేదు. వాడు వెళ్ళాక మాత్రం ఈ పల్లెకు ఒరిగేదేమిటని అడిగారు. అదీ మన గుంటూరు మాటల్లోనే. తెల్ల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గానీ దానికి పూర్తి విడుదల లేదు.

లోపాలు లేవని నేననను. ఉపన్యాసాలు ఇప్పటికీ బరువే. రామానాయుడిలాంటి మంచివాడు ఇంటింటా పుడతాడన్న ఆశా కాస్త ఎక్కువే. అయినా ఈసారి పుస్తకం మూయలేకపోయాను.

ఎందుకంటే నాకో జనవరి 26 గుర్తొచ్చింది. బడిలో జెండా పాట పాడి, చాక్లెట్టు చప్పరిస్తూ ఇంటికొచ్చాను. మిరపకోతల రోజులు. మాలపల్లి నుంచి వచ్చిన కూలి ఆమె గుమ్మం బయట నిలబడి దాహమంది. నాయనమ్మ కళ్ళతోనే సైగ చేసింది. నేను చెంబు ఎత్తి పట్టి, ఆమె దోసిట్లోకి పైనుంచి నీళ్ళు పోశాను. మా అమ్మ వయసు ఆమెది. "చల్లగా ఉండు తల్లీ" అని దీవించి వెళ్ళింది.

ఆ చెంబు పట్టిన చెయ్యి తెల్లవాడిది కాదు, నాయనమ్మది కూడా కాదు. నాది.

అందుకే చెబుతున్నాను. మాలపల్లి మీ బీరువాలో ఉంటే దుమ్ము దులపండి. ఉపన్యాసాల దగ్గర విసుగొస్తే లేచి కాసిని మంచినీళ్ళు తాగి రండి. గ్లాసు కిందపెట్టేటప్పుడు మీకూ ఎవరైనా గుర్తొస్తారేమో!