గాలివానలో ఆమె పేరేమిటి?

కోస్తా జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి కార్తీకమాసం అనగానే రెండు గుర్తొస్తాయి. ఒకటి దీపాలు, రెండోది వాయుగుండం. తులసికోట దగ్గర దీపానికి చెయ్యి అడ్డుపెడుతూ “ఈ గాలి వాలకం బాగాలేదే” అనే పెద్దావిడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆవిడ లెక్కలో ముసురు వేరు, గాలివాన వేరు, ఉప్పెన వేరు. ముసురు పడితే వడియాలు బూజు పడతాయి. గాలివాన వస్తే చెట్లు కూలతాయి, పెంకులు లేచిపోతాయి. ఉప్పెన వస్తే చెప్పుకోవడానికి మనిషే మిగలడు.

మన సాహిత్యంలో గాలివాన అంటే పాలగుమ్మి పద్మరాజుగారి కథే. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. బహుమతి మాట అలా ఉంచండి. ఇన్నేళ్ళ తర్వాత తీసి చదివినా, రైలు కిటికీ సందులోంచి చలిగాలి మన మెడకే తగులుతున్నట్టుంటుంది. అంత బలంగా రాశారాయన.

కథ మీకు తెలిసిందే. రావుగారు లాయరు, వేదాంతి, క్రమశిక్షణ గల మనిషి. ప్రతిదానికీ ఒక సూత్రం పెట్టుకున్నవాడు. ఎక్కడో ఉపన్యాసం ఇవ్వడానికి బయల్దేరాడు. రైల్లో ఒక ముష్టి మనిషి వచ్చి చెయ్యి చాపితే, ముష్టి వెయ్యడం ఆయన సిద్ధాంతాలకి కుదరదు. ఆ రాత్రి గాలివాన విరుచుకుపడుతుంది. చిన్న స్టేషన్లో, వెయిటింగ్ రూములో బిక్కుబిక్కుమంటూ ఉన్న ఆ పెద్దమనిషికి తోడు దొరికింది ఆ ముష్టి మనిషే. ఆయన భయం చూసి ఆమె నవ్వుతుంది, దగ్గరకు తీసుకుంటుంది, ధైర్యం చెబుతుంది. తెల్లారేసరికి ఆయన పర్సు లేదు, ఆమె లేదు. కూలిపోయిన టికెట్ గదిలో ఆమె శవం ఉంది. దగ్గర ఆయన పర్సూ, స్టేషను సొరుగులోని డబ్బూ ఉన్నాయి. స్టేషను డబ్బు తీసి మళ్ళీ సొరుగులో పెట్టేస్తాడు. తన పర్సు మాత్రం ఆమె దగ్గరే వదిలేస్తాడు.

ఈ కథని మెచ్చుకునేవాళ్ళు ఎక్కువగా రావుగారి మార్పునే మెచ్చుకుంటారు. సూత్రాల మధ్య బతికినవాడు ఒక్క రాత్రిలో మనిషయ్యాడు. బాగుంది. మరి ఆమె? మొదట్లో ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉంది. ఆమెకి మారవలసిన అవసరం లేదు కదా అంటారా? ఆ మాట నిజమే. ఆ రాత్రి ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు, ఆయనకి తెలియదు. కాని కథ ఆమె వెంట టికెట్ గదిలోకి వెళ్ళదు. నిద్రపోతున్న ఆయన దగ్గరే ఉండిపోతుంది. ఆ చీకట్లో, ఆ హోరులో ఆ కాస్త దూరం ఆమె ఎలా నడిచిందో, ఏమనుకుంటూ నడిచిందో చెప్పే దిక్కు లేదు. నేనూ నవలలు రాసేదాన్నే కనుక, చదివినప్పుడల్లా నా ప్రాణం ఆ తలుపు దగ్గరే కొట్టుకుంటుంది. గాలివానలోకి నడిచి వెళ్ళింది ఆమె. కథ అయింది ఆయనది.

సొరుగులో డబ్బు తిరిగి పెట్టడం చూడండి. చచ్చిపోయిన ఆడదాన్ని కూడా ఎవరూ దొంగ అనకూడదని, మంచిపేరు నిలబెట్టాలని ఆయన తాపత్రయం. అసలు పేరే లేని మనిషికి మంచిపేరు! పర్సు వదిలెయ్యడం మాత్రం పద్మరాజుగారే రాయగలరు. జీవితమంతా లెక్క ప్రకారం నడిచినవాడు ఆ ఒక్క లెక్కా తేల్చకుండా లేచి వెళ్ళిపోతాడు. అక్కడ కన్ను చెమర్చకపోతే కథలు చదవడం దండగ.

ఆడవాళ్ళకి పేరు పెట్టడం ఆయనకి చేతకాక కాదు. “పడవ ప్రయాణం”లో రంగి లేదూ? పద్దాలు చేసిన దొంగతనం నెత్తిన వేసుకుని పడవలో ఒక్కతీ ఉండిపోయిన రంగికి పేరుంది, రోషముంది, చెప్పుకోవడానికి రాత్రంతా సరిపోయేంత కథ ఉంది. కాలవ మీద పడవ నెమ్మదిగా సాగుతుంటే రంగి మాట వినబడింది. గాలివానలో గాలి చప్పుడే పైచెయ్యి అయింది.

ఇంకో సంగతి. “గాలివాన”లో ఉన్నదంతా గాలీ, వానా, రైలూ. సముద్రం కనిపించదు. మన తీరం చరిత్రలో పెద్ద దెబ్బలు కొట్టింది సముద్రం. 1864 నవంబరు 1న బందరు మీద పడ్డ ఉప్పెనలో సుమారు ముప్ఫైవేలమంది పోయారు. 1977 నవంబరు 19, శనివారం దివిసీమ వంతు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి సముద్రం దాకా పోతుంది, ఆ పాయల మధ్య పల్లపు నేల దివిసీమ. తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డుకి నెడుతుంది. లోతు తక్కువ తీరంలో ఆ నీటికి వెనక్కిపోయే దారి ఉండదు. గోడలా లేచి ఊళ్ళమీద పడుతుంది. సొర్లగొంది లాంటి ఊళ్ళు అలాగే తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు సర్కారు లెక్కలోనే పదివేల దాకా. రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరీసా వచ్చి చూశారు. అవన్నీ మనకి గుర్తున్నాయి. పోయినవాళ్ళలో ఒక్క ఆడమనిషి పేరు చెప్పమంటే మాత్రం మీరూ నేనూ తెల్లముఖం వెయ్యాల్సిందే. ఉప్పెనకి తగ్గ “గాలివాన” మనకింకా రాలేదనే నేనంటాను. సినిమావాళ్ళు 2021లో ఒక ప్రేమకథకి “ఉప్పెన” అని పేరు పెట్టుకున్నారు. పాటలు బాగున్నాయి లెండి.

1977 తుపానుకి పేరు లేదు. ఇప్పుడైతే తుపానులకి కూడా బారసాల చేస్తున్నారు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2023లో మిచాంగ్. ఆ పేర్లు పిల్లలు కూడా అప్పజెబుతారు.

ఈ కాలం గాలివాన రాస్తే ఎక్కడ మొదలవ్వాలి? రైల్లో కాదు, గుడిసె గుమ్మంలో అవ్వాలి. 1990 మే తుపాను ముందు ఆరు లక్షలకి పైగా జనాన్ని తరలించారు. మరణాలు వెయ్యి లోపే ఆగాయి. దివిసీమతో పోలిస్తే ఎంత తేడానో చూడండి. (1996లో కోనసీమలో మళ్ళీ వెయ్యిమందికి పైగా పోయారు, అదీ మరవకూడదు.) మైకు పట్టుకుని ఊరంతా ఖాళీ చెయ్యమంటారు. షెల్టరు రెండు మైళ్ళ దూరం. ఇంట్లో మంచం దిగలేని అత్తగారు, ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె, గాదెలో నాలుగు బస్తాల ధాన్యం. మొగుడు వేటకెళ్ళి ఇంకా ఒడ్డు చేరలేదు. వెళ్దామా, ఉందామా అని తేల్చుకోవలసింది ఆవిడే. వెళ్ళాక తుపాను దారి మళ్ళితే ఊరంతా నవ్వుతుంది. గిన్నెలూ కోళ్ళూ ఎవరైనా ఎత్తుకుపోతారు. వెళ్ళకపోతే సరేసరి.

రావుగారికి ఆ రాత్రి దేన్నీ ఎంచుకోవలసిన అవసరం పడలేదు. ఈవిడకి మైకు జీపు వీధి మలుపు తిరిగేలోగా తేల్చుకోవాలి. ఎవరైనా ఈ కథ రాస్తే, దయచేసి ఆవిడకో పేరు పెట్టండి. దివిసీమలో నాంచారమ్మలకి కొదవేమీ లేదు.