రెండో రోజు బడి

బి.ఎడ్. చదివే అమ్మాయిని "ఎందుకమ్మా ఈ చదువు?" అని అడిగితే, "సెలవులుంటాయండీ, ఆడపిల్లకి పరువైన ఉద్యోగం" అంటుంది. తప్పేముంది? అన్నం పెట్టే పనికి ఆదర్శమే కారణం కావాలని లేదు. కానీ అల్లరి పిల్లల ముందు ఏళ్ళ తరబడి నిలబడే ఓపిక అంతమాత్రాన వస్తుందా?

గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన 'దివాస్వప్న' (మన మాటల్లో పగటికల) చదువుతుంటే ఈ సందేహమే కలిగింది. వకీలు పని వదిలి పంతులైన మనిషాయన. అందులో లక్ష్మీరామ్ బోలెడు ఆశలతో నాలుగో తరగతికి వెళతాడు. తను తయారుచేసుకున్నదంతా మొదటిరోజే పిల్లల గోలలో కొట్టుకుపోతుంది. సెలవిచ్చి పంపేస్తాడు. మర్నాడు కథ మొదలెడతాడు. క్లాసంతా చెవులప్పగిస్తుంది! నాకు నచ్చింది ఆ మర్నాడే. ఉత్సాహం మొదటిరోజుకే సరిపోతుంది. ఆ తర్వాత నిలబెట్టేవి కథకోసం ఎదురుచూసే ఆ ముఖాలే.

ఒక్క లోటు చెప్పకతప్పదు. లక్ష్మీరామ్‌కి పై అధికారి ఏడాదిపాటు స్వేచ్ఛనిచ్చాడు. ఇంట్లో పొయ్యి సంగతి ఆయన్నెవరూ అడగరు. మన పంతులమ్మకి సిలబసూ, రిజిస్టర్లూ, రాత్రి వంటా ఉన్నాయి. పాఠం బెడిసికొట్టిన మర్నాడు "ఇంకోమాటు ప్రయత్నించమ్మా" అనే హెడ్మాస్టరు దొరికితే, జీతం కోసం వచ్చిన పిల్ల కూడా పంతులమ్మగా మిగిలిపోతుంది.