అంతా మజూరీయే

నగల షాపు బిల్లు చదవడం మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. గ్రాము రేటు ఎంత వేశారు, తరుగు ఎంత శాతం, మజూరీ విడిగా ఉందా అందులోనే కలిపారా, రాళ్ల బరువు తీసేశారా లేదా... బడి మొహం చూడని మేనత్త కూడా ఈ లెక్క దగ్గర సేల్స్‌మన్‌కి చెమటలు పట్టిస్తుంది. రేటు మీద మాత్రం ఎవరూ బేరమాడరు. అది పొద్దున్నే పేపర్లో వచ్చేసింది. గీసి గీసి ఆడే బేరమంతా తరుగు, మజూరీల మీదే. అంటే చేసినవాడి చేతి మీద. కొన్నేళ్లు పోయాక అదే నగ మార్చడానికి తీసుకెళ్తే ఆ చెయ్యి అసలు లెక్కలోకే రాదు. కరిగిస్తే ఎంత తూగుతుందో అంతే దాని ఖరీదు.

నేను సాయంత్రాలు కూర్చుని చేసే నగల్లో కరిగించడానికి ఏమీ లేదు. లిక్విడ్ పాలిమర్ క్లేతో లోలాకులు, లాకెట్లు చేస్తుంటాను. తూకానికి విలువ లేదు, మార్పిడికి ఏ షాపూ తీసుకోదు, తాకట్టుకి అసలే పనికిరాదు. ఉన్నదంతా మజూరీయే. నన్ను ఈ పనికి కట్టిపడేసింది కూడా అదేననుకుంటాను.

క్లే అనడమేగానీ ఇందులో మట్టి లేదు. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగులు. ముద్దగా ఉండేది పాలిమర్ క్లే. ప్లాస్టిసైజర్ పాలు పెంచి ధారగా జారేలా చేస్తే లిక్విడ్ క్లే. ముద్ద రకానికి చరిత్ర ఉంది. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపడ్డ కాతె క్రూజె కుటుంబంలో ఫిఫీ అనే కూతురు పట్టుకున్న పదార్థం తర్వాత ఫిమో అనే బ్రాండ్ అయింది. అమెరికాలో స్కల్పీ అనే ఇంకో రకాన్ని మొదట ట్రాన్స్‌ఫార్మర్లలో వేడిని బయటికి పంపడానికి వాడదామనుకున్నారు. అక్కడ అది అక్కరకు రాలేదు, ఎవరో దానితో బొమ్మ చేశారు. 2011లో విస్కాన్సిన్‌లోని రసీన్ ఆర్ట్ మ్యూజియం పాలిమర్ కళకే ఒక పెద్ద ప్రదర్శన పెట్టింది. ఫోర్డ్, ఫోర్లానో అనే ఇద్దరు దీన్ని వెండి, బంగారాల పక్కన పొదిగి నగలు చేస్తారు. పక్కన బంగారం ఉన్నా అక్కడ చూపు ప్లాస్టిక్ మీదికే పోతుంది.

పాలిమర్‌తో పగడం, కెంపు, ఏనుగు దంతం అన్నీ అచ్చుగుద్దినట్టు చేయొచ్చు. నాకు దాని మీద మోజు లేదు. అసలును పోలిన నకలు కావాలంటే మనకు చిలకలపూడి గిల్టు నగలున్నాయి, ఆ పనితనం ముందు నాది ఏపాటిది? నేను వెళ్లేది మీనాకారి దారిలో. అసలు మీనాపని అంటే గాజుపొడిని లోహం మీద కరిగించడం. దానికి ఏడెనిమిది వందల డిగ్రీల కొలిమి కావాలి. నాకు 130 డిగ్రీలిచ్చే ఓటీజీ ఓవెన్ చాలు.

మామిడిపిందె లాకెట్ సంగతి చెప్తాను. సన్నటి ఇత్తడి తీగను సుత్తితో చదును చేసి, పిందె ఆకారానికి వంచి, లోపల అదే తీగతో చిన్న చిన్న గదులు కట్టాలి. ముద్ద క్లేని పల్చగా ఒత్తి దాని మీద ఈ తీగ చట్రాన్ని నొక్కి ఒకసారి బేక్ చేస్తే కదలదు. ఇక రంగులు. లిక్విడ్ క్లే సీసాలో తెల్లగా, చిక్కగా ఉంటుంది. టైల్ ముక్క మీద నాలుగు చుక్కలు వేసి, టూత్‌పిక్ మొనకి అంటినంత ఆయిల్ పెయింట్ కలిపితే చాలు. నీళ్లతో కలిసే ఆక్రిలిక్ రంగులు వేస్తే తడి ఓవెన్లో ఆవిరై బుడగలు లేస్తాయి. కలిపాక మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే లోపల చిక్కుకున్న గాలి పైకి తేలిపోతుంది. పొద్దున్నే సూది మొనతో ఒక్కో గదిలో ఒక్కో చుక్క. చుక్క తీగ అంచు దాకా తనంతట తానే పాకి ఆగుతుంది. ఎక్కువైతే పక్క గదిలోకి దూకుతుంది, దూది పుల్లతో తీసేయొచ్చు. తొందరేం లేదు. ఈ పదార్థం గాలికి ఆరదు, వేడి తగిలేదాకా గట్టిపడదు. రెసిన్‌తో పనిచేసేవాళ్లకి ఈ సుఖం లేదు, కలిపిన క్షణం నుంచీ గడియారం వాళ్లను తరుముతూ ఉంటుంది.

అలాగని తెరిచి వదిలేస్తే మన ఇళ్లలోని దుమ్మంతా వచ్చి వాలుతుంది. ఫ్యాన్ కట్టేసి, ఎండాకాలంలో, చెమట చుక్క లాకెట్లో పడకుండా పనిచేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

గదులన్నీ నిండాక మళ్లీ బేక్ చేయాలి. అక్కడ ఓవెన్ నాబ్‌ని మాత్రం నమ్మకూడదు. అది చూపేది ఒకటి, లోపల ఉండేది ఒకటి, అందుకే లోపల విడిగా థర్మామీటర్ పెట్టుకోవాలి. వేడి చాలకపోతే పైకి బాగానే కనిపించి, వంచితే పుటుక్కున విరుగుతుంది. మోతాదు మించి మాడితే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది పీల్చే వస్తువు కాదు. కిటికీలు తీసి ఉంచుతాను, ఈ ఓటీజీలో కేకులు చేయను. మధ్యలో కరెంటు పోతే కంగారు లేదు, వచ్చాక మళ్లీ పెట్టొచ్చు. పాలిమర్‌ని ఎన్నిసార్లు బేక్ చేసినా ఏమీ అనుకోదు.

లిక్విడ్‌తో ఇంకో వింత పని ఉంది. లేజర్ ప్రింటు తీసిన కాగితం మీద పల్చగా పోసి బేక్ చేసి, నీళ్లలో నానబెట్టి, వేలితో కాగితాన్ని మెల్లగా రుద్దేస్తే టోనర్ అంతా ఆ పొరకు అతుక్కుని మిగులుతుంది. మా అమ్మమ్మ రాసిన కార్డు ముక్కకి జిరాక్స్ తీసి ఇలాగే చేశాను. కాగితం ఉన్న వైపు నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి ఉంటాయి, రెండో వైపు నుంచి సవ్యంగా చదవొచ్చు. "క్షేమం" అన్న మాట వరకు కత్తిరించి చెవిపోగు చేశాను. ఆవిడ "క్ష" రాసే తీరు ఆవిడదే, ఏ ఫాంటులోనూ దొరకదు.

ఇది ప్లాస్టిక్ అన్న మాట దాచను. మట్టిలో కలవదు. అందుకే గుట్టలుగా చేయను, అడిగినవాళ్లకే చేస్తాను. ఎంత పెద్ద లోలాకు చేసినా చెవి లాగదు, మాటీలు అక్కర్లేదు. సెంటు కొట్టుకునే ముందు తీసేయమని మాత్రం చెప్తాను.

మొన్న ఎదురింటి పిన్నిగారు మామిడిపిందెను అరచేతిలో ఎగరేసి చూసి, "ఏమ్మా, గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉంది, దీనికి పన్నెండొందలా?" అన్నారు.

"వస్తువుకి వందో నూటయాభయ్యో పిన్నిగారూ, మిగతాదంతా మజూరీ."

"అమ్మో, అంత మజూరీ ఏ షాపులోనూ వేయరే!"

"తరుగు వేయలేదు కదండీ."

ఆవిడ నవ్వి, కాసేపు తిప్పి తిప్పి చూశారు. వెయ్యికి ఇమ్మన్నారు, నేను ఇవ్వనన్నాను. చివరికి "పెళ్లికి నాకు నా బంగారమే కావాలి, రిసెప్షన్‌కి దీన్ని పెట్టుకుంటాలే" అని, గద్వాల చీర జాకెట్ ముక్క తెచ్చిచ్చి అంచు పచ్చకి సరిపోయేలా ఇంకొకటి చేయమన్నారు. బేక్ అయ్యాక లిక్విడ్‌లోని తెలుపు పోయి రంగు ఒక మెట్టు ముదురుతుంది, పచ్చిగా ఉన్నప్పుడు లేతగా కలుపుకోవాలి. టైల్ మీద వరసగా చుక్కలు పెట్టి కాల్చి చూస్తున్నాను. నీలం పాలు ఇంకా ఎక్కువే ఉంది. రేపు కాస్త పసుపు వేసి చూడాలి.